కనుమ తీర్థంలో రాక్షసుడు

మన అనకాపల్లి పక్కన శంకరంలో బొజ్జన్నకొండ ఉంది. కనుమ నాడు చుట్టుపక్కల పల్లెల జనం అక్కడి తీర్థానికి పోతారు. మొన్నమొన్నటి దాకా ఆ తీర్థంలో ఒక తంతు ఉండేది. బానపొట్టలా కనిపించే ఒక రాతిరూపాన్ని రాక్షసుడనుకుని రాళ్లు రువ్వేవారు.

ఆ కొండ ఒకప్పటి బౌద్ధారామం. రాతిని తొలిచిన గుహలు, బుద్ధుడి శిల్పాలు, పైన ఇటుకల స్తూపం. పక్క కొండ మీద బండలనే చెక్కిన చిన్నాపెద్దా స్తూపాలు. 1907 ప్రాంతంలో పురావస్తు శాఖ అధికారి అలెగ్జాండర్ రీ తవ్వించినప్పుడు సముద్రగుప్తుడి బంగారు నాణెం కూడా బయటపడింది.

రాళ్లు రువ్వడం అజ్ఞానమని చదువుకున్నవాళ్లం తేల్చేస్తాం. నేను అంత తొందరపడలేను. భిక్షువులు పోయారు, వాళ్ల సంగతి చెప్పేవాళ్లూ పోయారు. కొండవార పశువులు కాసుకునే మనిషికి మాత్రం ఆ రూపాలు రోజూ కంటబడుతూనే ఉన్నాయి. ఇవి ఎవరు చేశారని కొడుకు అడిగితే ఏదో ఒకటి చెప్పాలి కదా! తనకు తెలిసిన లోకంలోంచే జవాబు తీశాడు. పెద్ద పొట్ట రాక్షసుడిదైంది. గుండ్రటి స్తూపాలు లింగాలై, పక్కది లింగాలకొండ అయింది.

అలాగని మరుపులోంచే కథలు పుడతాయంటే విజయనగరం ఒప్పుకోదు. బొబ్బిలి యుద్ధం జరిగింది 1757 జనవరిలో. తెల్లవాళ్లు కూడా రాసిపెట్టిన సంగతి. గెలిచిన విజయనగరం రాజు పెద విజయరామరాజును బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు పొడిచి చంపాడని అందరికీ తెలుసు. అయినా జనానికి అది చాలలేదు. యుద్ధం వద్దని అన్న విజయరామరాజును వేడుకున్న చెల్లెలు పైడితల్లి అమ్మవారైంది, ఇప్పటికీ ఏటా దసరా వెళ్లాక తన ఉత్సవంలో సిరిమానెక్కుతోంది. కోట ఎవరిదైందో చరిత్ర చెబుతుంది. గెలిచిన ఇంట్లోనూ ఏడుపే మిగిలిందని చెప్పడానికి ఆ చెల్లెలు కావలసి వచ్చింది.

వారసత్వ కట్టడాలను కాపాడే ఇంటాక్ వంటి సంస్థలు పట్టుబట్టి బొజ్జన్నకొండ మీద రాళ్లు రువ్వడం ఆపించాయి. మంచిపని, లేకుంటే శిల్పాలు మిగలవు. కానీ ఉన్న కథను తీసేసి ఆ చోట ఏం పెట్టాం? శతాబ్దాల లెక్కలు రాసిన బోర్డు. తీర్థంలో జీళ్లు కొనుక్కునే పిల్లాడు దాని ముందు ఎంతసేపు నిలబడతాడు?

కథలు పాడి చెప్పడానికి మనకు జముకుల కథ అనే జానపద కళ ఉంది. ఆ భిక్షువులు ఎందుకొచ్చారో, కొండను ఎలా తొలిచారో మన యాసలో కథ కట్టి కనుమ నాడు అక్కడే చెప్పించాలి. రాసేవాళ్లు ముందుకొస్తే పాఠం మొత్తం ఈ పత్రికలో వేస్తాం.