సెక్షన్ 46లో చోటులేని పిల్లలు

2024లో కేంద్రం ఫాస్టర్ కేర్ (దత్తత కాకుండా బిడ్డను వేరే కుటుంబంలో ఉంచి పెంచడం) మార్గదర్శకాలను సవరించినప్పుడు పత్రికలు ఒక్క సంగతే పట్టుకున్నాయి: పెళ్లికానివారు, విడాకులు తీసుకున్నవారు కూడా ఇకపై పిల్లల్ని సాకవచ్చు. ఎవరు సాకాలన్న చర్చే తప్ప, ఆ బిడ్డకు పద్దెనిమిది నిండిన మర్నాడు సంగతేమిటన్న ఆరా నాకెక్కడా కనిపించలేదు. జవాబు 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టంలోనే ఉంది.

సెక్షన్ 46 ప్రకారం, పద్దెనిమిదేళ్లు నిండి బాలల సంరక్షణ సంస్థను వదిలి వెళ్లేవారికి ఆర్థిక సాయం ఇవ్వవచ్చు. సెక్షన్ 39(4) చెప్పేదీ, ఆఫ్టర్‌కేర్‌ను, అంటే పద్దెనిమిది దాటాక అందించే అండను, నిర్వచించే 2(5) చెప్పేదీ సంస్థల్లోంచి వచ్చినవారి గురించే. ఏవి సంస్థలో 2(21) వరసగా చెబుతుంది: బాలల గృహం, ఓపెన్ షెల్టర్, అబ్జర్వేషన్ హోం వగైరా. అందులో ఫాస్టర్ కుటుంబం లేదు. అక్షరం పట్టుకుని చదివితే, హోంలో పెరిగిన కుర్రాడికి కేంద్ర పథకం మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయలు అడిగే దారి ఉంది. ఫాస్టర్ ఇంట్లో పెరిగినవాడికి లేదు. సంస్థలో ఉంచడం ఆఖరి మార్గం కావాలని సెక్షన్ 3లో చెప్పిన చట్టమే ఇలా చేస్తోంది!

సాకినవాళ్లే చూసుకుంటారుగా అంటారు. చూసుకునేవాళ్లున్నారు, వారికి దండం. కానీ ఇది దత్తత కాదు. బిడ్డకు ఆ ఇంట ఆస్తిహక్కు రాదు, ప్రభుత్వమిచ్చే నెలసరి సాయం పద్దెనిమిదితో ఆగుతుంది.

ఫాస్టర్ ఇల్లు వదిలి, బెంగళూరు బొమ్మనహళ్ళిలో గార్మెంట్ ఫ్యాక్టరీ పని వెతుక్కుంటూ వచ్చే కుర్రాణ్ణి ఊహించండి. పీజీ హాస్టల్లో మంచం కావాలంటే ముందు అడ్వాన్సు, ఆధార్ జిరాక్సు. తర్వాత ఫారం: తండ్రి పేరు, సొంతూరి చిరునామా, అవసరమైతే ఫోన్ చేయాల్సిన పెద్దల నంబరు. మొదటి జీతం చేతికొచ్చేదాకా తిండికీ గదికీ ఎవరివ్వాలి?

పరిశోధన కూడా చట్టం గీసిన గీతలోనే నడుస్తోంది. ఉదయన్ కేర్ అనే స్వచ్ఛంద సంస్థ 2019లో కర్ణాటక సహా అయిదు రాష్ట్రాల్లో జరిపిన విలువైన అధ్యయనం కూడా సంస్థలు వదిలినవారి మీదే. అదే అమెరికాలో పరిశోధకుడు మార్క్ కోర్ట్‌నీ బృందం ఫాస్టర్ కేర్ వదిలే యువతను మూడు రాష్ట్రాల్లో 26 ఏళ్ల వయసుదాకా వెంబడించి చూసింది. 21 ఏళ్లదాకా ఫాస్టర్ కేర్‌లో ఉండనిచ్చిన ఇల్లినాయిలో కాలేజీ మెట్లెక్కినవారు ఎక్కువని తేల్చింది.

నా వాదన ఇది. బాలల సంక్షేమ కమిటీ ఉత్తర్వుతో ఫాస్టర్ ఇంటికి వెళ్లిన బిడ్డ ప్రభుత్వ సంరక్షణలో ఉన్నట్టే. సెక్షన్ 3లోని సమానత్వ సూత్రం కింద కమిటీలు ఈ పిల్లల ఆఫ్టర్‌కేర్ దరఖాస్తులు తీసుకోవాలి. సంక్షేమ చట్టాన్ని లబ్ధిదారుకు అనుకూలంగా చదవడం మన కోర్టులకు కొత్తేమీ కాదు. అనాథలకు 27 ఏళ్ల దాకా అండగా ఉంటామని హిమాచల్ 2023లో ఏకంగా చట్టమే చేసింది. సెక్షన్ 110 కింద నియమాలు రాసుకునే అధికారం కర్ణాటకకూ, మన రెండు తెలుగు రాష్ట్రాలకూ ఉంది. ఆ నియమాల్లో సంస్థల పక్కన ఫాస్టర్ కుటుంబాన్ని చేర్చడానికి ఢిల్లీ దాకా వెళ్లనక్కర్లేదు.