రాయి పెట్టిన చెయ్యి

విశాఖపట్నమున పదిహేనువందల కోట్ల డాలర్లతో కృత్రిమ మేధా కేంద్రమును నెలకొల్పుదుమని 2025 అక్టోబరులో గూగుల్ ప్రకటించిన నాటినుండియు మన విద్వాంసులకు పూనకము వచ్చినట్లున్నది. సర్వవిషయములందును మానవునితో సరితూగు బుద్ధి యంత్రమునకు అలవడుటకు శరీరముగాని ఇంద్రియములుగాని అక్కరలేదనియు, లోకమందలి గ్రంథరాశిని మ్రింగిన చాలుననియు వారు వ్రాయుచున్న వ్రాతలు పలాసలో కూర్చుండి చదువువానికి విసుగు పుట్టించుచున్నవి. శరీరము లేని బుద్ధి సగము బుద్ధియే.

వారెల్లరును ఉదాహరించునది 2016 మార్చిలో సియోలు నగరమున ఆల్ఫాగో యంత్రము లీ సెడోల్‌ను 4–1 తేడాతో ఓడించిన ‘గో’ ఆట. రెండవ ఆటలోని 37వ ఎత్తును పొగడని వ్యాసకర్త లేడు. ఆ రాయిని పలకపై పెట్టినది మాత్రము ఆజా హువాంగ్ అను మనుష్యుని చెయ్యి! మహావిజేతను గెలిచిన బుద్ధికి గిన్నెలోని రాయిని తీసి పెట్టుటకు ఒక మనిషి కావలసివచ్చెను. మరచేయి అమర్చియుండవచ్చును గదా యందురు. అమర్చవచ్చును, పలకయు గీతలును మారవు గనుక.

జీడిపిక్క అట్టిది కాదు. పలాస–కాశీబుగ్గల జీడి ఫ్యాక్టరీలలో బూడిదయో నూనెయో పూసుకొన్న వ్రేళ్లతో, తగిలిన చోట చర్మమును పొక్కించు జీడినూనెను తప్పించుకొనుచు, పెంకు పగిలి పప్పు పగులకుండునంత వత్తిడిని ఏ పిక్కకాపిక్కకు వేరుగా నిర్ణయించు స్త్రీకి ఆ లెక్క నెవ్వరును చెప్పలేదు; కాలిన వ్రేళ్లే చెప్పినవి. గుండు విరిగి బద్దయైన ధర పడిపోవును. పౌనుకు 320 గుండ్లకు మించని రకమేదో, 240కి మించని రకమేదో త్రాసు ముట్టకయే ఆమె ఏరివేయును. రంగు చూచి వేరుచేయు యంత్రములు వచ్చినమాట నిజమే. అవియు కెమెరా కన్ను తగిలించుకొనియే వచ్చినవి. చెకర్స్ ఆట కంప్యూటరునకు సులభమనియు, ఏడాది బిడ్డపాటి చూపును నడకయు దానికి దుర్లభమనియు రోబో శాస్త్రజ్ఞుడు హాన్స్ మొరావెక్ 1988లోనే వ్రాసెను.

హెలెన్ కెల్లరునకు చూపును వినికిడియు లేకపోయినను విదుషి కాలేదా యని కొందరు అడుగుదురు. 1887లో పంపు క్రింద ఒక చేతిపై నీరు పడుచుండగా, రెండవ చేతిలో గురువు ఆ మాట అక్షరములను వ్రేళ్లతో దిద్దిననాడే గదా ఆమెకు మాటయన నేమో తెలిసినది! ఆ సాక్షి వారివైపు కాదు, నావైపు.

ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అని నైయాయికులు ప్రమాణములు నాలుగనిరి. శబ్దమునకు విలువ ఎరిగి చెప్పిన ఆప్తుని వలన వచ్చును. పుస్తకములు మాత్రమే చదివిన యంత్రమునకున్నది పరుల శబ్దమొక్కటే. 2018 అక్టోబరు 11 నాటి తిత్లీ తుపాను గాలివేగమును అది అంకెలలో అప్పగించును; ఉద్దానమున కొబ్బరిచెట్టు ఇంటిపై ఒరిగిన చప్పుడునకు ఉలికిపడజాలదు.

జీడిపిక్కలు కొట్టు ఈ స్త్రీలను నైపుణ్యము లేని కూలీల పద్దులో వ్రాసి, తెర ముందరి పనికి మాత్రమే మేధ యని పేరు పెట్టు ప్రణాళికాకర్తలు ఒకమారు తెక్కలి దాటి వచ్చి, మా ఫ్యాక్టరీల నేలపై ఒక పూట కూర్చుండవలెను. పది పిక్కలు కొట్టి అయిదు గుండ్లు విరగకుండ తీయగలిగిరా, అటుపిమ్మట వాదింతము. సియోలులోని ఆ అయిదు ఆటలలోను యంత్రము తన రాయి నొక్కటియు తాను పెట్టలేదు.