ఎండయు, పుచ్చుపురుగులును

"పెసలను రెండుదినములు ఎండబోసి డబ్బాలో నింపితిమి. నెల గడచి మూత తీయునప్పటికి సగము పుచ్చిపోయి, డబ్బాగోడలపై పురుగులు ప్రాకుచుండెను. ఎండకు పురుగు చచ్చునని పెద్దలు చెప్పినమాట కల్లయా?" యని యొక సోదరి మాకు వ్రాసియున్నారు. పెద్దలమాట కల్ల గాదు. ఎంత యెండ, ఎంతసేపు అనునది మాత్రము వారు విడిచి చెప్పలేదు. వారికి చేతివాటముగనే తెలిసియుండెను.

ముందుగా శత్రువు నెఱుగుదము. పుచ్చుపురుగు గింజపై తెల్లని చుక్కవలె గ్రుడ్డు నంటించును. గుప్పెడు పెసలు చేటలో పోసి వెలుతురున జూచిన ఈ చుక్కలు కంటికి గనబడును. గ్రుడ్డునుండి వెడలిన పిల్ల తిన్నగా గింజను దొలిచి లోనికి బోయి, అందే తిని, అందే పెరిగి, రెక్కలు వచ్చినపిమ్మట గుండ్రని కంత చేసికొని వెలుపలికి వచ్చును. పెద్దపురుగు గింజను ముట్టదు. ఇంచుమించు రెండువారములు బ్రదికి, ఆలోపల పదులకొలది గ్రుడ్లు పెట్టి చచ్చును. కావున కంతలు కనబడునాటికి మన పెసలు తినుట ముగిసినదన్నమాట! బియ్యపు ముక్కపురుగు మఱింత గడసరి. గింజకు రంధ్రము చేసి, లోపల గ్రుడ్డు నుంచి, పైన జిగురుతో మూసివేయును.

25 మొదలు 33 డిగ్రీల సెంటిగ్రేడు వఱకు గల వెచ్చదనము ఇట్టి పురుగులకు పుట్టినిల్లు. 30 డిగ్రీల యొద్ద పుచ్చుపురుగు గ్రుడ్డునుండి రెక్కలపురుగగుటకు నాలుగువారములు చాలును. మన వంటయిండ్లు సంవత్సరములో చాలభాగము ఆ వేడిమియందే యుండును. 35 డిగ్రీలు దాటినకొలది పెరుగుదల కుంటువడి, సంతతి తఱుగును. 45 డిగ్రీల యొద్ద గంటలలో, 50 దాటిన నిమిషములలో ప్రాణము పోవును. ఆఫ్రికాలోని కామెరూన్ దేశమున బొబ్బర్లను నల్లని పట్టాపై పలుచగా పఱచి, పైన గాజువలె కనబడు ప్లాస్టిక్కుపట్టా కప్పి ఎండబెట్టు పద్ధతిని రైతులకు నేర్పిరి. గింజలలో 57 డిగ్రీల వేడి ఒకగంట నిలిచినచో గ్రుడ్డు, పిల్ల, పెద్దది అను భేదము లేక అన్నియు నశించును.

ఆ సోదరి పెసలెట్లు పోసిరో మేము చూడలేదు గాని, మా మిద్దెమీద జూచినది చెప్పెదము. చాపపై నాలుగంగుళముల మందమున పోసిన కుప్పలో పైగింజలు చేయి చుఱుక్కుమనిపించుచుండ, అడుగువి గోరువెచ్చగా నుండెను. మావారు బడినుండి తెచ్చిన ఉష్ణమాపకము కూడ అదేమాట చెప్పినది. పెద్దపురుగులు చల్లదనము వెదకుకొని చాపక్రిందికి పోయెను. గింజలలోని పిల్లలకు ఆ గోరువెచ్చదనము పథ్యమువంటిది.

మెల్లగా వేడెక్కించుటయందు మఱియొక చిక్కు గలదు. 1962లో రిటోసా యను ఇటలీ శాస్త్రజ్ఞుడు పండ్లయీగకు వేడి తగిలినప్పుడు దాని వర్ణసూత్రములు కొన్నిచోట్ల ఉబ్బుట కనిపెట్టెను. వేడికి చెడకుండ కణమును కాపాడు మాంసకృత్తులు అట్లు తయారగుచున్నవని తరువాత తేలినది. కొంచెము కొంచెముగా కాగిన పురుగు ఈ కవచము దొడిగికొనును.

చావనంత వేడికిని ఫలము లేకపోలేదు. 2018లో ఇంగ్లండులోని ఈస్టు ఆంగ్లియా విశ్వవిద్యాలయమువారు పిండిలో తిరుగు ఎఱ్ఱని చిన్నపురుగులను అయిదుదినములు 42 డిగ్రీలలో నుంచి చూచిరి. మగవాని సంతానశక్తి సగమునకు తగ్గెను. రెండవమాఱు అట్లు చేయగా దాదాపు గొడ్డువోయెను. ఆడువాని కంతటి హాని కలుగలేదు. ఇది చదివి, ఎండలు ముదిరిన పురుగుల పీడ తానే తీరునని యెవరును సంతసింపవలదు. భూమి సగటు వేడిమి ఒక్కొక్క డిగ్రీ పెరిగినకొలది పురుగులవలన వరి, గోధుమ, మొక్కజొన్నల నష్టము నూటికి 10 మొదలు 25 పాళ్లు హెచ్చునని 2018లోనే మఱికొందఱు లెక్కగట్టిరి. ఆ హెచ్చు చలిదేశములందే మిక్కుటము.

విసిగినవారు కొందఱు బియ్యపుబస్తాలలో మందుబిళ్ళలు వేయుచున్నారు. ఇది మాకు మిక్కిలి భయము గలిగించుచున్నది. అల్యూమినియము ఫాస్ఫైడు బిళ్ళ గాలిలోని తేమ తగిలి విషవాయువు విడుచును. మూసిన గదిలో నిద్రించు పసివారిని అది చంపగలదు. అట్టి బిళ్ళ ఇంట నుండరాదు.

రోహిణికార్తె యెండ మనకు ఊరక లభించునది. పెసలు, కందులు, మినుములు నల్లని పట్టాపై ఒక్క అంగుళము మించక పఱచి, పైన పారదర్శకపు పట్టా కప్పి, అంచులకు రాళ్లు పెట్టి, నడిమధ్యాహ్నము రెండు మూడుగంటలు విడువుడు. విత్తనమునకు దాచిన గింజలను మాత్రము ఇట్లు కాల్చవలదు. బియ్యమును తీవ్రమైన ఎండలో పోసిన బీటలువాఱి నూకలగును. దానికి నీడపట్టున గాలియే మేలు. ఎండినవానిని చల్లారనిచ్చి, ఆ సాయంకాలమే గట్టిమూత గల డబ్బాలో పోయవలయును. వేడిమీద పోసిన లోపల చెమర్చును. తెల్లవాఱువఱకు ఆరుబయట నుంచిన క్రొత్తపురుగు వచ్చి గ్రుడ్లు పెట్టును. డబ్బాయడుగు మూలలలో పాతనుసి మిగులకుండ ముందే కడిగి యెండబెట్టుడు.