వద్దని చెప్పే డాక్టరు కావాలి

"సంబంధాలు చూడకముందే పిల్లకు అద్దాలు తీయించెయ్యాలె." ఈ మాట జగిత్యాలలో విన్నాను, కోరుట్లలో విన్నాను, సిరిసిల్లలో పెండ్లికి పోతే అక్కడా విన్నాను. ఆ వెంటనే లేజర్ ఆపరేషన్ బేరం మొదలవుతుంది. బ్రాంచీలున్న పెద్దాసుపత్రి అయితే నమ్మకమని ఒకరు, తెలిసిన డాక్టరైతే తక్కువలో అవుతుందని ఇంకొకరు. పిల్ల కంటికి ఆపరేషన్ పనికొస్తుందా అని మాత్రం ఎవరూ అడగరు.

లేజర్ మిషన్ కోట్ల రూపాయల సరుకు. కొన్నవాళ్లకు దాన్ని రోజూ నడిపించాల్సిన అవసరం ఉంటుంది. ఆఫర్లు, పండుగ డిస్కౌంట్లు అందుకే. పెద్ద బోర్డు ఉంటే చాలనుకునేవాళ్లు వాసన్ ఐ కేర్ సంగతి గుర్తు చేసుకోవాలి. దేశమంతా బ్రాంచీలు పెట్టిన ఆ సంస్థ 2017లో దివాలా ప్రక్రియలోకి వెళ్లి, 2023లో ఏఎస్‌జీ చేతికొచ్చింది. బోర్డులు మారతాయి, మన కళ్లు అవే ఉంటాయి.

అలాగని ఊరి డాక్టర్లందరినీ నెత్తిన పెట్టుకోమనను. సొంత మిషన్ లేని డాక్టరు మనల్ని ఇంకోచోటికి పంపడం తప్పు కాదు. పంపినందుకు కమీషన్ తీసుకుంటే తప్పు. డాక్టర్ల నడవడికపై 2002లో వచ్చిన నిబంధనలే దాన్ని నిషేధించాయి.

ఇంతకీ లేజర్ చేసేదేమిటి? కంటి ముందుండే పారదర్శకమైన పొరను, అంటే కార్నియాను, సన్నగా చెక్కి దాని వంపు మారుస్తుంది. చెక్కింది తిరిగి రాదు. అందుకే ముందుగా పొర మందం కొలవాలి, వంపు స్కాన్ తీయాలి. పొర పలుచగా ఉన్నా, అది శంకులా ముందుకు సాగే కెరటోకోనస్ ఛాయలు కనిపించినా లాసిక్ చేయకూడదు. పద్దెనిమిదేళ్లు నిండాలి, కనీసం ఏడాదిగా నంబరు నిలకడగా ఉండాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఆగాలి. ఆపరేషన్ తర్వాత కొన్ని నెలలు కళ్లు పొడిబారడం చాలామందికి ఉంటుంది. లేజర్ చేయించుకున్నా నలభై దాటాక చదవడానికి అద్దాలు రావచ్చు.

ఇవన్నీ కూర్చోబెట్టి చెప్పి, అవసరమైతే "మీ అమ్మాయికి వద్దమ్మా" అనగలిగేవాడే నా లెక్కలో మంచి డాక్టరు. ఆయన ఏ బోర్డు కింద కూర్చున్నా సరే. పరీక్ష చేసిన రోజే అడ్వాన్సు కట్టమంటే లేచి వచ్చేయండి. స్కాన్ కాగితాలు అడిగి తీసుకోండి, ఇంకో డాక్టరుకు చూపించండి. ఆపరేషన్ చేసేది ఎవరో, తర్వాత కన్ను ఎర్రబడితే చూసేది ఎవరో పేరు అడగండి. దుబాయి నుంచి వచ్చిన పైసలైనా, అమ్మ బీడీలు చుట్టి కూడబెట్టినవైనా, అడిగే హక్కు మనది.

పిల్ల తనకు కావాలని, తెలిసి చేయించుకుంటే సంతోషమే. పెండ్లిచూపుల కోసమైతే మాత్రం నేను ఒప్పుకోను. అద్దాల సంగతి ఎత్తిన మగపెళ్లివారిని ఒక్కటే అడుగుదాం: "మీ అబ్బాయి అద్దాలు ఎప్పుడు తీయిస్తున్నారు?"