కోవూరు మండల బడుల్లో కౌన్సెలర్లను నియమించాలని వినతిపత్రం

శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా కలెక్టర్ గారి సముఖానికి,



మా పిల్లల స్లిప్ టెస్ట్ మార్కులు క్లాసులో అందరి ముందూ చదువుతున్నారు. తక్కువ వచ్చిన పిల్లవాడికి మళ్ళీ పరీక్ష ఉందంటే తెల్లారేసరికి కడుపునొప్పి. ఆర్‌ఎంపీ గ్యాస్ అని బిళ్ళలిస్తాడు. ఆ నొప్పి ఆదివారం ఎందుకు రాదో అడిగేవాళ్ళు లేరు.

2021 నవంబరులో పెన్న పొంగి పడుగుపాడు దగ్గర హైవే, రైలు కట్ట కోసుకుపోయాయి. రెంటినీ బాగుచేశారు. ఆనాటి నాలుగో తరగతి పిల్లలు హైస్కూలుకు వచ్చారు. సోమశిల డ్యాం గేట్లెత్తారని వింటే ఆ రాత్రి నిద్రపోని వాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళ మనసు సంగతి ఎవరూ ఆరా తీయలేదు.

2023లో విశాఖపట్నంలో నీట్ కోచింగ్‌లో ఉండగా చనిపోయిన 17 ఏళ్ళ అమ్మాయి కేసులో, 2025 జులై 25న సుప్రీంకోర్టు దేశమంతటికీ మార్గదర్శకాలిచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత గల కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఉండాలి. చిన్న బడులకు బయటి నిపుణుల సాయం అందాలి. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. పిల్లల్ని అందరి ముందూ అవమానించకూడదు. జిల్లా పర్యవేక్షణ కమిటీకి అధ్యక్షులు కలెక్టరే. అందుకే నేరుగా తమ దగ్గరికి వచ్చాం.

ముందుగా కమిటీ వేసి, మండలంలో ఏ బడిలో ఎవరిని నియమించారో, ఎక్కడ లేరో లెక్క తీయించండి. పాఠాలు, యాప్‌లో వివరాలు, భోజనం లెక్కలు మోస్తున్న టీచరు మీదే ఈ కౌన్సెలింగ్ బరువూ వేయొద్దు. ఇది వేరే చదువు, వేరే పని. చిన్న బడులకు ఒకే కౌన్సెలరైనా సరే, ఫలానా వారం వస్తారని పిల్లలకు తెలియాలి. తలుపు వేసుకుని మాట్లాడే గది కావాలి. అక్కడ చెప్పుకున్న మాట స్టాఫ్‌రూమ్‌కి పాకిందంటే ఆ పిల్ల మళ్ళీ నోరు విప్పదు.

నెల్లూరు పెద్దాసుపత్రికి వెళ్ళాలంటే మాకు ఒక రోజు కూలి పోతుంది, నలుగురూ ఏమంటారోనన్న జంకు వేరే. మానసిక వైద్యులను నెలకోసారి కోవూరు ప్రభుత్వాసుపత్రికి పంపండి.

మానసిక సమస్యలకు సాయం చేసే ఉచిత టెలీ మానస్ ఫోన్ నంబరు 14416ను క్లాసుల్లో, హాస్టళ్ళలో రాయించండి. హాస్టల్ పిల్లల దగ్గర ఫోన్లుండవు. వార్డెన్‌ను అడగకుండా చేసుకునే ఫోను కూడా పెట్టించండి.

పబ్లిక్ పరీక్షల లోపే ఇవి మొదలుపెట్టించి, తీసుకున్న చర్యలు మాకు రాతపూర్వకంగా తెలియజేయ ప్రార్థన.

ఇట్లు,
కోవూరు మండల విద్యార్థుల తల్లిదండ్రులు