పొగ మానగోరువారికి దారి యేది?

విద్యుత్ సిగరెట్లను నిషేధించు ఆర్డినెన్సు 2019వ సంవత్సరము సెప్టెంబరు 18వ తేదీన వెలువడినది. ఆ డిసెంబరులోనే యది పార్లమెంటు శాసనమైనది. ఆ వస్తువును తయారుచేయుట, దిగుమతి చేయుట, ఎగుమతి చేయుట, అమ్ముట, నిలువయుంచుట, ప్రకటించుట, అన్నియు నేరములే. తయారుచేసినవానికిని అమ్మినవానికిని మొదటిమాఱు ఒక సంవత్సరము వరకు ఖైదు గాని, లక్షరూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. మరల చేసినచో మూడేండ్ల వరకు ఖైదు, అయిదులక్షల వరకు జరిమానా. సిగరెట్టు, బీడీ, చుట్టల వర్తకునకు ఇట్టి భయమేమియు లేదు. పైపెచ్చు 2025 సెప్టెంబరులో వస్తుసేవల పన్ను మండలి బీడీపై పన్నును నూటికి 28 నుండి 18కి తగ్గించుటకు నిర్ణయించినది. మండని సిగరెట్టు నేరము. మండు బీడీకి పన్ను తగ్గింపు! ఈ రెండు నిర్ణయములను ప్రక్కప్రక్కన నుంచి చూచినపుడు, పొగ మానవలెనని నిజముగా కోరు మనుష్యుని గుఱించి ప్రభుత్వమువారు ఏమని తలంచుచున్నారో మాకు బోధపడకున్నది.

ముందుగా ఆ వస్తువెట్టిదో చెప్పవలెను. పట్టణములందలి కళాశాల విద్యార్థులకు దెలిసినంతగా పెద్దలకు దాని సంగతి తెలియదు. అది కలమువంటి యొక చిన్నగొట్టము. లోపల బ్యాటరీ, సన్నని తీగచుట్ట, కొంచెము ద్రవము ఉండును. ఆ ద్రవమున గ్లిసరిను, ప్రోపిలిను గ్లైకాలు, సువాసనలు, తఱచుగా నికోటిను కలిసియుండును. గొట్టమును పీల్చినపుడు తీగ వేడెక్కి ద్రవము ఆవిరియగును. నిప్పు లేదు, బూడిద లేదు. వాదమునకంతకును మూలము ఈ నిప్పు లేకపోవుటయే. పొగాకు మండగా పుట్టు పొగలో వేలకొలది రసాయనములు గలవు. అందు సుమారు 70 రాచపుండును కలిగించునవి. తారును, కార్బన్ మోనాక్సైడును ఆ మంటవలననే పుట్టును. నికోటిను మనుష్యుని అలవాటునకు కట్టివేయును. ప్రాణము తీయునది ప్రధానముగా ఆ పొగ. ఈ భేదమును ఇంగ్లండున మైకేలు రస్సెలు అను వైద్యుడు 1976లోనే వివరించెను. నేటి యంత్రమునకు రూపము గల్పించిన హాన్ లిక్ చైనాదేశపు ఔషధశాస్త్రజ్ఞుడు. తానును మితిమీఱి సిగరెట్లు త్రాగువాడే. ఆయన తండ్రి ఊపిరితిత్తుల రాచపుండుచే మరణించెను. కావున 2003లో ఈ వస్తువు మందుగా పుట్టినదనుట తప్పుకాదు. పిదప ఎవరెవరి చేతులలో బడినదో అది వేఱు కథ.

బ్రిటిషు వైద్యులు దానిని చాలవఱకు మందుగానే చూచిరి. మామూలు సిగరెట్టుకంటె ఇది నూటికి 95 పాళ్లు తక్కువ హానికరమని అచ్చటి ప్రజారోగ్యశాఖవారు 2015లో అంచనా వేసిరి. అది తూచి కొలిచి తీసిన అంకె కాదు, పండితులు కూర్చుండి వేసిన ఊహ యని ఆక్షేపణలు వచ్చినవి. ఆ ఆక్షేపణలలో న్యాయము గలదు. అంతకంటె గట్టిసాక్ష్యము 2019లో ప్రకటింపబడిన యొక పరీక్ష. ఇంగ్లండు ప్రభుత్వ వైద్యశాఖ నడుపు పొగమాన్పు కేంద్రములకు వచ్చిన 886 మందిని రెండు జట్లుగా విడదీసిరి. ఒకజట్టునకు నికోటిను కలిపిన నమలుబంక, చర్మమున కంటించు పట్టీలు మొదలగు పాతసాధనములు; రెండవజట్టునకు విద్యుత్ సిగరెట్టు. సంవత్సరము గడచినపిదప మొదటిజట్టులో నూటికి 9.9 మందియు, రెండవజట్టులో 18 మందియు పొగ మానియుండిరి. ఇంచుమించు రెట్టింపు ఫలమన్నమాట. తరువాత అనేక పరీక్షలను క్రోడీకరించి చూచిన కాక్రేను పండితసంఘమువారును నికోటిను గల విద్యుత్ సిగరెట్టు బంకకంటెను పట్టీకంటెను మేలుగా పనిచేయుచున్నదని తేల్చిరి.

అయితే ఈ పరీక్షలో మఱి మూడు సంగతులు గలవు. పొగ మానిన రెండవజట్టువారిలో నూటికి 80 మంది సంవత్సరాంతమునను ఆ గొట్టమును పీల్చుచునే యుండిరి. మొదటిజట్టున మానినవారిలో తమ సాధనమును విడువనివారు నూటికి 9 మందియే. అనగా విద్యుత్ సిగరెట్టు పొగను మాన్పినది గాని నికోటినును మాన్పలేదు. రెండవది, మేలైన జట్టులో సైతము నూటికి 82 మంది పొగ విడువలేకపోయిరి. మూడవదియే మా దృష్టిలో ముఖ్యమైనది. రెండుజట్లవారికిని కనీసము నాలుగు వారములు, వారమునకొకసారి, శిక్షణ పొందిన మనుష్యుడు ఎదుట కూర్చుండి ధైర్యము చెప్పి, ఉపాయములు చెప్పెను. గెలిచినది గొట్టము మాత్రమే కాదు. గొట్టమును చేతికిచ్చి మాటాడిన ఆ మనుష్యుడును గెలిచెను. ఈ సరకు నమ్మ జూచు వర్తకులు 18, 9.9 అను అంకెలను కంఠస్థము చేసియుందురు. ఈ మూడవ సంగతి వారి నోట వినబడదు.

బ్రిటిషు ప్రభుత్వము 2023 ఏప్రిలులో పదిలక్షల మందికి ఈ సాధనమును ఉచితముగా నిచ్చెదమని ప్రకటించినది. ఆ దేశముననే, వాడి పాఱవేయు రంగురంగుల గొట్టములకు పిల్లలు మరగుట చూచి, 2025 జూన్ 1వ తేదీనుండి అట్టివాని అమ్మకమును మాన్పించిరి. మందుగా వాడుటయు, పిల్లలనుండి దాచుటయు ఒకదానికొకటి విరుద్ధములు కావని ఆ దేశపు నడవడి తెలుపుచున్నది.

అమెరికాలో కథ వేఱుగా నడచినది. అచ్చట దీనిని మొదటినుండియు వర్తకులే పట్టిరి. పండ్ల రుచులు, పుదీనా రుచులు కలిపి, జేబులో నిముడునట్లు సొగసుగా మలచి అమ్మిరి. 2019లో ఆ దేశపు ఉన్నతపాఠశాల విద్యార్థులలో నూటికి 27 మందికి మించి, గడచిన 30 దినములలో తాము దానిని పీల్చితిమని చెప్పిరి. వారిలో చాలమంది యెన్నడును సిగరెట్టు ముట్టినవారు కారు. ఆ సంవత్సరముననే అచ్చట ఒక వింత ఊపిరితిత్తుల జబ్బు వ్యాపించినది. 2020 ఫిబ్రవరి నాటికి 2,807 మంది ఆసుపత్రుల పాలైరి. 68 మంది మరణించిరి. శోధింపగా దోషము ముఖ్యముగా గంజాయిసారము నింపిన దొంగసరకులో కలిపిన విటమిను ఈ అసిటేటు అను జిడ్డుపదార్థమునందు గనబడినది. నికోటిను గొట్టములపై ఆ నింద పూర్తిగా నిలువలేదు. కాని భయము ప్రపంచమంతటను వ్యాపించిపోయినది.

మన ఆర్డినెన్సు సరిగా ఆ ఋతువున వెలువడినది. అంతకు కొన్ని నెలలముందే, 2019 మే మాసమున, భారత వైద్యపరిశోధన మండలి సంపూర్ణ నిషేధమును సిఫారసు చేసియుండెను. ప్రభుత్వమువారు బాలుర క్షేమమును కారణముగా జెప్పిరి. ఆ కారణము మిథ్య యని మేమనము. మన దేశమున పదునాఱేండ్ల పిల్లవానికి సిగరెట్టు దొరకని వీధి యేది? పదునెనిమిదేండ్లు నిండనివారికి అమ్మరాదని 2003 నాటి చట్టము చెప్పుచున్నను, బడ్డీకొట్టువాడు వయసడిగి అమ్మినట్లు మేమెఱుగము. అట్టిచోట మఱియొక క్రొత్త వ్యసనమునకు తలుపు తెఱచుట తెలివిగాదని తలంచినవారిని తప్పుపట్టజాలము. అయినను, నిషేధము ప్రకటింపబడిన దినముననే సిగరెట్టు కంపెనీల వాటాల ధరలు పెరిగిన సంగతిని, వానిలో కెల్ల పెద్దదగు ఐ.టి.సి.లో ప్రభుత్వపు జీవితభీమా సంస్థకు ఘనమైన వాటా యున్న సంగతిని పాఠకులు మఱవరాదు. ఉద్దేశము మంచిదే కావచ్చును. లాభము మాత్రము పాతవర్తకునకు చేరినది.

నిషేధము నడచుచున్న తీరును గుఱించి పెక్కుమాటలక్కఱలేదు. గుట్కా నిషేధము మన రాష్ట్రములలో నెట్లు నడచినదో చూచినవారు దీనిని ఊహించుకొనగలరు. హైదరాబాదులోను తదితర నగరములలోను ఈ గొట్టములు చాటుగా దొరకుచున్నవి. అపుడపుడు పోలీసువారు పట్టుచున్నారు. చాటుసరకులో ఏమి కలిపిరో అడుగుటకు దిక్కులేదు. అమెరికాలో ప్రాణములు తీసినది అట్టి సరకే.

ఇక మన దేశపు పొగ యెట్టిదో చూతము. 2016-17లో జరిగిన దేశవ్యాప్త సర్వే ననుసరించి పదునైదేండ్లు దాటినవారిలో నూటికి 28.6 మంది, అనగా సుమారు 26 కోట్ల 70 లక్షలమంది, ఏదో యొక రూపమున పొగాకు వాడుచున్నారు. పొగత్రాగువారు నూటికి 10.7 మందియే, నమలువారు, దవడన బెట్టువారు 21.4 మంది. త్రాగువారిలోనైనను సిగరెట్టుకంటె బీడీయే యెక్కువ. బ్రిటనునందలి అనుభవమును యథాతథముగా ఇచ్చటికి దిగుమతి చేసికొందమనువారు ఈ అంకెలను ముందుగా చూడవలెను. ఖైనీ నమలువానికి విద్యుత్ సిగరెట్టు దేనికి? శ్రీకాకుళము, విశాఖపట్టణము జిల్లాల సముద్రతీర గ్రామములలో చుట్టను అడ్డపొగగా, నిప్పుకొసను నోటిలోపల నుంచుకొని త్రాగు ముసలమ్మలు నేటికిని గలరు. ఆ వేడికి అంగిటిలో రాచపుండు పుట్టుచున్నదని వైద్యులు ఎంతకాలమునుండియో చెప్పుచున్నారు. ఆ యమ్మ చేతికి బ్యాటరీ గొట్టమిచ్చి ఫలమేమి? ఈ సాధనము నిజముగా పనికివచ్చునది పట్టణములలో రోజున కొక పెట్టె సిగరెట్లు కాల్చి, బంకయు పట్టీయు ప్రయత్నించి ఓడిపోయిన మనుష్యునకు. అట్టివారును మన దేశమున లక్షలకొలదిగా నున్నారు. వారి ప్రాణములు లెక్కలోనివి కావా?

మానవలెనను కోరిక మనవారికి లేదనువాదము నిలువదు. ఆ సర్వేలోనే పొగత్రాగువారిలో సగముమందికి మించి మానవలెనని తలంచుచుంటిమని చెప్పిరి. నూటికి 38 మంది ఆ యేడాదిలో ప్రయత్నించియు నుండిరి. వారిలో అత్యధికులు ఏ సహాయమును లేక, కేవలము మనోబలముతో ప్రయత్నించినవారు. అట్లు మానినవారు లేకపోలేదు. కాని నూటికి ఏ నలుగురైదుగురో. తక్కినవారు పదిదినములు మాని, పదునొకండవనాడు మరల ముట్టించి, "మన చేత గాదు" అని నిరాశ చెందుదురు. అది వారి నైతిక దౌర్బల్యమని నిందించుట మనకు పరిపాటి. నికోటిను మెదడును పట్టిన పట్టు ఎట్టిదో తెలిసినవారెవ్వరును అట్లు నిందింపరు.

వారికి ప్రభుత్వము ఇచ్చిన దేమి? 2016లో ఒక టెలిఫోను నంబరు. 2018 సెప్టెంబరునుండి ఆ నంబరును పెట్టెలపై ముద్రింపవలెనని నియమించిరి. మంచిదే. కాని మన దేశమున కూలివాడు పెట్టె కొనడు. ఒకటో రెండో విడిగా కొనును. పెట్టె బడ్డీవాని అలమారలోనే యుండును, నంబరును దానిమీదనే యుండును! 2 మిల్లీగ్రాముల నికోటిను బంక చీటిలేకయే మందులషాపున దొరకును; ఆ బంక యొక్క ముక్క వెలకు బీడీలు కొన్ని వచ్చును. వరెనిక్లిను, బ్యూప్రోపియాను అను మాత్రలను ప్రపంచారోగ్యసంస్థవారు 2021లో అత్యవసర ఔషధముల పట్టికలో చేర్చిరి. మన ప్రాథమిక ఆరోగ్యకేంద్రములలో ఎన్నింట అవి యున్నవో ఆ కేంద్రములకు పోవు పాఠకులే అడిగి తెలిసికొనవచ్చును.

దీనితో పోల్చి పొగాకు పండించుటకు జరిగిన యేర్పాట్లు చూడుడు. రాజమహేంద్రవరమున 1947లో కేంద్ర పొగాకు పరిశోధనాలయము వెలసినది. గుంటూరున 1976లో పొగాకు బోర్డు ఏర్పడినది. వేలముప్లాట్‌ఫారములు, బ్యారన్ల లైసెన్సులు, విస్తీర్ణపు కట్టుబాట్లు, ఎగుమతి యేర్పాట్లు, అన్నియు కలవు. మేము రైతును నిందించుటలేదు. ఒంగోలు, కందుకూరు ప్రాంతముల మెట్టనేలలలో వర్జీనియా కాక మఱేమి వేసిన గిట్టుబాటగునో అతనికి చెప్పినవారు లేరు. ఆ పంటలో చాలభాగము విదేశములకు పోవుచున్నది గనుక, ఇచ్చటి కూలివాడు బీడీ మానినంతమాత్రమున రేపటి వేలమున ధర పడిపోదు. బంకలోని నికోటినును తఱచుగా పొగాకునుండియే తీయుచున్నారు. నిజామాబాదు, కరీంనగరము ప్రాంతములలో బీడీలు చుట్టి బ్రతుకు స్త్రీల కష్టము వేఱు. వారి పేరు చెప్పి బీడీపన్ను తగ్గింపును సమర్థించువారు గలరు. ఆ తగ్గింపులో ఎంత భాగము వేయి బీడీలకిచ్చు కూలిలో చేరునో చూడవలసియున్నది. వెల తగ్గి బీడీ త్రాగువారు పెరుగుట మాత్రము చూడవలసిన పనిలేని సంగతి.

మా అభిప్రాయమిది. బాలురకు అమ్ముట, రుచులు కలిపి మరగించుట, ప్రకటనలు, బజారులో స్వేచ్ఛావర్తకము, వీనిపై నిషేధమును సడలింపరాదు. అమెరికా యేర్పఱచిన గుంటలో మనము దిగనక్కఱలేదు. కాని వైద్యుని చీటిపై, ఇతర మందులతో ప్రయత్నించి విఫలులైన పెద్దలకు, నికోటిను పాలు నిర్ణయించి పరీక్షించిన సరకును మందులషాపులద్వారా ఇచ్చుటకు అభ్యంతరమేమో మాకు గోచరింపదు. ఆస్ట్రేలియావారు 2024 జూలైనుండి వీని అమ్మకమును మందులషాపులకే పరిమితము చేసిరి. అచ్చటను చాటువర్తకము బెడద తీఱలేదని మేమెఱుగుదుము. అయినను అడిగినవానికి చట్టబద్ధమైన తలుపు ఒకటి యున్నది. ఆ తలుపు వలదందురా, అపుడు తక్కిన తలుపులైనను తెఱవవలెను. ఏటేటా మన దేశమున పొగాకు వలన 13 లక్షలకు మించి మనుష్యులు మరణించుచున్నారని ప్రభుత్వపు పత్రములే చెప్పుచున్నవి. సాధనమును నేరముగా జేసిన ప్రభుత్వము ప్రతి ప్రాథమిక ఆరోగ్యకేంద్రమున నికోటిను బంకను, మాత్రలను ఉచితముగా నుంచుటకును, వారమునకొకసారి పొగత్రాగువానితో మాటాడుటకు శిక్షణ పొందిన యొక ఉద్యోగిని నియమించుటకును బద్ధురాలు. ఖైనీ నమలువానికిని, అడ్డపొగ త్రాగు ముసలమ్మకును సైతము ఆ యుద్యోగి యక్కఱకు వచ్చును. పొగాకుపై వసూలగు పన్నులో కొంత దీనికి కేటాయించినచో ధనమునకు కొఱత యుండదు. రాబోవు బడ్జెటులో మన రెండు రాష్ట్రముల ఆర్థికమంత్రులు ఈ పద్దు క్రింద ఎంత చూపెదరో, ఏయే జిల్లాలలో నారంభించెదరో చెప్పుదురుగాక.