నొరీల్స్క్ నుంచి వచ్చిన మిష్కిన్

1957 డిసెంబరు 31న లెనిన్‌గ్రాద్‌లోని బొల్షోయ్ డ్రామా థియేటర్‌లో దొస్తొయేవ్‌స్కీ నవల 'ఇడియట్' నాటక రూపానికి తెర లేచింది. ప్రిన్స్ మిష్కిన్ వేషం వేసిన ఇన్నొకెంతీ స్మొక్తునోవ్‌స్కీకి అప్పుడు ముప్ఫై రెండేళ్లు. పేరు తెచ్చిన పాత్ర ఒక్కటీ అప్పటికి లేదు. ఆ ప్రదర్శనతో సోవియట్ నటనకు కొత్త కొలత వచ్చిందని మా నమ్మకం.

ఆయన సైబీరియా పల్లె తత్యానొవ్కలో పుట్టారు. కుర్స్క్ పోరులో ఉన్నారు. 1943 చివర్లో జర్మన్లకు బందీగా చిక్కి, తప్పించుకున్నారు. ఒక ఉక్రెయిన్ కుటుంబం తెగించి ఆయన్ని దాచింది. తిరిగి సైన్యంలో చేరి జర్మనీ దాకా వెళ్లారు. అయినా స్టాలిన్ ఏలుబడిలో శత్రువు చెర నుంచి ప్రాణాలతో రావడమే పెద్ద అనుమానానికి కారణం. అందుకే 1946లో తనకు తానే ఆర్కిటిక్ వలయం ఆవల ఖైదీలు కట్టిన నొరీల్స్క్‌కు పోయారు. అంతకంటే దూరం ఎవరు పంపగలరు? అక్కడి రంగస్థలం మీద ఆయన తోటి నటుల్లో శిక్ష అనుభవించి వచ్చిన గియోర్గీ జ్జోనొవ్ ఒకరు.

'సైనికులు' చిత్రంలో ఆయన కళ్లు చూసి దర్శకుడు తొవ్‌స్తొనోగొవ్ మిష్కిన్‌గా ఎంచుకున్నారు. రిహార్సల్స్ మాత్రం నెలల తరబడి కుదరలేదు. ఒకరోజు లెన్‌ఫిల్మ్ స్టూడియోలో అందరూ హడావిడిగా తిరుగుతుంటే, మధ్యలో నిలబడి ఒకాయన నిమ్మళంగా పుస్తకం చదువుకుంటున్నారు. ఆ నిలుచున్న తీరులోనే స్మొక్తునోవ్‌స్కీకి మిష్కిన్ దొరికాడు. ఆ మనిషి పదిహేడేళ్లు స్టాలిన్ నాటి శిబిరాల్లో మగ్గి వచ్చారని తర్వాత తెలిసింది. అక్కడున్న అంతమందిలో ఆయన మీదే చూపు నిలవడానికి, చూసిన కళ్లు కూడా చెరను ఎరిగినవి కావడమే కారణమని మాకనిపిస్తుంది.

కొజింత్సెవ్ తీసిన 'హామ్లెట్' చిత్రం (1964) స్మొక్తునోవ్‌స్కీకి లెనిన్ బహుమతిని, ప్రపంచ ఖ్యాతిని తెచ్చింది. పస్తెర్నాక్ అనువాదం, షొస్తకోవిచ్ సంగీతం దానికి అండ. కానీ మా మనసు ర్యజానొవ్ తీసిన 'కారు జాగ్రత్త' (1966) వైపే మొగ్గుతుంది. అందులో ఆయన దెతోచ్కిన్ అనే బీమా ఉద్యోగి. లంచగొండుల కార్లు దొంగిలించి అమ్మి, ఆ డబ్బును అనాథాశ్రమాలకు పంపుతాడు. ఔత్సాహిక నాటక బృందంలో హామ్లెట్ వేస్తాడు! తాను గెలిచిన పాత్రనే రెండేళ్లకు ఒక అమాయకుడి చేత ఆడించడానికి ఎంత ధైర్యం కావాలి! ఎక్కడా ఎగతాళి లేదు. మిష్కిన్ మళ్లీ వచ్చి సాదా కోటు తొడుక్కుని నిలబడ్డట్టే ఉంటుంది.

1976 నుంచి మాస్కో ఆర్ట్ థియేటర్‌లో చేహొవ్ నాటకాలు ఆడారు. 1994లో కన్నుమూశారు. మన ఫిల్మ్ సొసైటీలు 'హామ్లెట్' వేసినప్పుడు మరుసటి రోజే 'కారు జాగ్రత్త' కూడా వేయాలని కోరుతున్నాం. ఆ వరుసలో చూస్తేనే ఆయన పూర్తిగా కనిపిస్తారు.